పన్నెండు వాకిళ్ల మేడ

పాఠ్యభాగ పరిచయం

మానవుడు సంఘజీవి. వృత్తి, విశ్వాసం, విద్య, సేవ వంటి ఏదో ఒక ఆధారంతో నలుగురు చేరి సంఘంగా ఏర్పడటం నాగరికతలో భాగం. తన సోదరభావాన్ని మూసిన తలుపుల వెనుక ఆచరించిన ఫ్రీమేసన్ల సంఘాన్ని గురించి, తెలుగునేలపై ఆ సంఘానికి నెలవైన గోషామహల్ బారాదరిని గురించి ఈ పాఠం తెలియజేస్తుంది.

పాఠ్యభాగం

తెనాలి నుండి రేపల్లెకు పోయే రైలు మార్గంలో వేమూరు దాటిన తరువాత భట్టిప్రోలు వస్తుంది. అక్కడి బౌద్ధస్తూపంలో అలెగ్జాండర్ రీ అనే పురాతత్త్వవేత్త 1892లో ధాతు కరండాలను వెలికితీశాడు. రాతి పెట్టెలపై బ్రాహ్మీలిపిలో ఉన్న శాసనాలు క్రీస్తుపూర్వపు కాలానివి. వాటిలో 'గోష్ఠి', 'నిగమం' అనే సంఘాల ప్రస్తావన ఉంది. ఆ కరండాలను సమర్పించిన సభ్యుల పేర్లు వరుసగా చెక్కి ఉన్నాయి. కుబిరకుడనే రాజు ఒక గోష్ఠికి ప్రముఖుడని కూడా ఒక శాసనం చెబుతున్నది. స్ఫటికంపై ఉన్న మరొక చిన్న శాసనంలో స్త్రీల ప్రస్తావనను పండితులు గుర్తించారు. సంఘంగా కూడి ఒక కార్యాన్ని సాధించటం ఈ నేలకు కొత్త కాదనటానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

అట్టి సంఘాలలో పాశ్చాత్యదేశాల నుండి మనకు వచ్చినది ఫ్రీమేసన్ల సంఘం. వారి శాఖను, అది సమావేశమయ్యే స్థలాన్ని 'లాడ్జి' అంటారు. నేడు లాడ్జి అనగానే ప్రయాణికులు అద్దెకు దిగే గది స్ఫురిస్తుంది. మధ్యయుగాల ఐరోపాలో మాత్రం ఆ మాటకు అర్థం వేరు. పెద్ద చర్చిలను నిర్మించే తాపీపనివారు పనిచోట ఒక పాక వేసుకొని, అందులో పనిముట్లు దాచుకొని, విశ్రమించేవారు. ఆ పాకయే లాడ్జి. క్రమంగా తాపీపనితో సంబంధంలేని వారు కూడా ఈ సంఘాలలో చేరసాగారు. లండన్‌లోని నాలుగు లాడ్జిలు కలిసి 1717లో గ్రాండ్ లాడ్జిని స్థాపించినట్లు ఆ సంఘ సంప్రదాయం చెబుతుంది.

పని పోయినా పనిముట్లు చిహ్నాలుగా మిగిలాయి. మూలమట్టం సత్ప్రవర్తనకు గుర్తు. వృత్తలేఖిని ఆత్మనిగ్రహానికి గుర్తు. సభ్యుడు మొదట శిష్యుడుగా చేరి, తరువాత తోటి పనివాడై, చివరకు మేస్త్రి స్థాయిని అందుకొంటాడు. సర్వేశ్వరునిపై విశ్వాసం ఉండటం ప్రవేశానికి తప్పనిసరి. ఆ ఈశ్వరుణ్ణి ఏ పేరుతో కొలుస్తున్నావని మాత్రం అడగరాదు. సమావేశంలో మత రాజకీయ వివాదాలు నిషిద్ధం. లోపల జరిగే దీక్షావిధులను సభ్యులు బయటకు చెప్పరు. ఈ గోప్యత లోకుల మనసులో అనేక ఊహలకు తావిచ్చింది. ఉత్తర భారతంలో లాడ్జి భవనాలను జనులు 'జాదూఘర్' అనీ, 'భూత్ బంగ్లా' అనీ పిలిచేవారు.

ఆంగ్లేయ వర్తకుల వెంట ఈ సంఘం 1730 ప్రాంతంలో కలకత్తాకు, 1752లో మద్రాసుకు చేరింది. సైనికదళాలు ఎక్కడ విడిది చేస్తే అక్కడ లాడ్జిలు వెలిశాయి. మానవులందరూ సోదరులనే సంఘం పాలితులను తనలో చేర్చుకొంటుందా? ఈ ప్రశ్నకు సమాధానం ఒక్కరోజులో రాలేదు. 1770వ దశకంలో ఆర్కాటు నవాబు పెద్దకుమారుడు ఉమ్దతుల్ ఉమ్రాకు తిరుచిరాపల్లిలో దీక్ష లభించింది. కాని అతడు రాజకుమారుడు. సామాన్యుని సంగతి వేరు. మానెక్‌జీ కర్సెట్‌జీ అనే పార్సీ ప్రముఖుడు బొంబాయిలో ప్రవేశం దొరకక ఐరోపాకు వెళ్లి పారిస్ నగరంలో దీక్ష తీసుకొన్నాడు. ఆ తరువాత, 1843లో, భారతీయులకు కూడా స్థానమిచ్చే 'రైజింగ్ స్టార్' అనే లాడ్జి బొంబాయిలో ఏర్పడింది.

హిందువులకు ద్వారం తెరుచుకోవటానికి మరింత కాలం పట్టింది. వారు బహుదేవతారాధకులనీ, కులభేదాలు పాటించేవారు సోదరభావానికి కట్టుబడలేరనీ ఆంగ్లేయ సభ్యులు వాదించారు. కలకత్తా వర్తకుడు ప్రసన్నకుమార దత్తు 1863లో ప్రవేశం కోరగా తిరస్కరించారు. ఆయన వెనుదిరగలేదు. సంఘం తన నియమాన్నే తాను పాటించటం లేదని లండన్ వరకు విన్నవించుకొన్నాడు. తొమ్మిదేళ్ల పట్టుదల ఫలించి 1872లో ఆయనకు దీక్ష లభించింది. ఆయన తెరిపించిన ద్వారం గుండానే పన్నెండేళ్ల తరువాత నరేంద్రనాథ దత్తు అదే కలకత్తాలో ఈ సంఘంలో చేరాడు. ఆ యువకుడే తరువాతి కాలంలో స్వామి వివేకానందుడుగా లోకప్రసిద్ధి పొందాడు.

అదే 1872వ సంవత్సరంలో హైదరాబాదులో ఒక పాతమేడ ఫ్రీమేసన్ల వశమయింది. ఆనాడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ బాలుడు. దివాను సాలార్‌జంగ్ రాజ్యభారం వహిస్తున్నాడు. ఆ మేడయే గోషామహల్ బారాదరి. 'బారా' అంటే పన్నెండు, 'దర్' అంటే ద్వారం. నలువైపులా గాలి, వెలుతురు ప్రసరించేటట్లు ద్వారాలు తీర్చిన మండపాన్ని బారాదరి అంటారు. 'గోషా' అంటే పరదా. విశాఖపట్టణంలోని ఘోషా ఆసుపత్రి పేరులో వినవచ్చేది ఈ మాటయే.

ఈ మేడను 1680వ దశకంలో కట్టించినవాడు గోలకొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా. అక్కన్న మాదన్నలకు ఉన్నత పదవులిచ్చినవాడుగా, భక్త రామదాసు కథలోని నవాబుగా ఆయన తెలుగువారికి సుపరిచితుడు. అంతఃపుర స్త్రీల కోసం దీనిని నిర్మించారని పేరే సూచిస్తున్నది. ఇక్కడి నుండి గోలకొండకు సొరంగమార్గం ఉండేదని జనశ్రుతి. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించటంతో తానీషా బందీ అయ్యాడు. మేడ మాత్రం నిలిచింది. రాజ్యాలు మారినకొద్దీ దాని అవసరాలు మారాయి.

ఫ్రీమేసన్ల చేతికి వచ్చిన తరువాత ఆ పాతగోడల మధ్య వారి సమావేశాలు మొదలయ్యాయి. ఈ సంఘంలో ఏ మతస్థుడైనా తన పవిత్రగ్రంథంపైనే ప్రమాణం చేయవచ్చు. భారతీయ లాడ్జిలలో భగవద్గీత, ఖురాన్, బైబిల్, అవెస్తా, గురుగ్రంథసాహిబ్ వంటి గ్రంథాలను ఒకేచోట ఉంచే ఆచారం ఏర్పడింది. బయట పాలకుడు, పాలితుడు అనే భేదం పాతుకొని ఉన్న కాలంలో ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ సమత్వం గడప దాటి వీథిలోకి రాలేదన్నది కూడా సత్యమే.

మరొక వైచిత్రి ఉంది. స్త్రీల పేరిట వెలసిన ఈ మేడను ఏ సంఘం స్వీకరించిందో ఆ సంఘంలో స్త్రీలకు సభ్యత్వం లేదు. ఆ లోపాన్ని గుర్తించి స్త్రీపురుషులకు సమానస్థానమిచ్చే మరొక శాఖ 1893లో పారిస్‌లో పుట్టింది. అనీబిసెంట్ 1902లో అందులో చేరి, దానిని ఇంగ్లండు, భారతదేశాలలో వ్యాపింపజేసింది. ప్రధానశాఖ మాత్రం తన నియమాన్ని మార్చుకోలేదు.

స్వాతంత్ర్యానంతరం 1961 నవంబరు 24న భారత గ్రాండ్ లాడ్జి ఏర్పడింది. దేశంలోని అనేక లాడ్జిలు లండన్ అధికారం నుండి వైదొలగి దాని క్రిందికి వచ్చాయి. తమను చేర్చుకోవటానికి ఒకనాడు సందేహించిన సంఘాన్ని భారతీయులే నడిపించే రోజు వచ్చింది.

సంఘం గొప్పతనం అది ప్రకటించిన ఆశయాల వల్ల మాత్రమే నిర్ణయం కాదు. ఆ ఆశయాలను చూపి, "నన్నెందుకు రానివ్వరు?" అని బయటినుండి ప్రశ్నించేవానికి అది ఇచ్చే సమాధానం వల్ల నిర్ణయమవుతుంది. ప్రసన్నకుమార దత్తు అడిగిన ప్రశ్నకు జవాబు రావటానికి తొమ్మిదేళ్లు పట్టింది. భట్టిప్రోలు గోష్ఠి తన సభ్యుల పేర్లను రాతిపై నిలిపిపోయింది. గోషామహల్ తన గోష్ఠిని గోడల చాటున దాచుకొంది. మేడకు పన్నెండు వాకిళ్లు ఉండవచ్చు. ఎవరికోసం ఎన్ని తెరిచారన్నదే చరిత్ర అడిగే ప్రశ్న.

కఠిన పదాలు – అర్థాలు

నెలవు : నివాసస్థానం
కరండం : భరిణె, చిన్న పెట్టె
స్ఫురించు : మనసుకు తోచు
జనశ్రుతి : జనులు చెప్పుకొనే మాట
వైచిత్రి : వింత

ప్రశ్నలు

అ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'బారాదరి' అంటే ఏమిటి?
2. భట్టిప్రోలు శాసనాలలో పేర్కొన్న సంఘాలేవి?
3. భారత గ్రాండ్ లాడ్జి ఎప్పుడు ఏర్పడింది?

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఫ్రీమేసన్ల చిహ్నాలు, నియమాలు వివరించండి.
2. ప్రసన్నకుమార దత్తు పట్టుదలను తెలపండి.

ఇ. వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. గోషామహల్ చరిత్రను వివరించి, సంఘంలో సమత్వం గడప దాటవలసిన అవసరాన్ని చర్చించండి.