భీమిలి మున్సిపాలిటీ సంగతులు

పద్మా,

స్కూలు ప్రాజెక్టుకి భీమిలి పాలన చరిత్ర రాసి పంపమన్నావు. తేదీలు నీకు ఎక్కడైనా దొరుకుతాయి. నేను ఒక్క ప్రశ్నే పట్టుకుని రాస్తాను. ఈ ఊరికి ఏం కావాలో ఎవరు తేల్చారు, ఎక్కడ కూర్చుని తేల్చారు?

ఇంత చిన్న ఊరికి 1861లోనే మున్సిపాలిటీ ఏమిటని అడిగేవాళ్ళున్నారు. అప్పుడు మనది మంచి రేవు. పదిహేడో శతాబ్దంలోనే డచ్చివాళ్ళు వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టారు. వాళ్ళ సమాధులు నువ్వు చూసినవే. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. మన చుట్టుపక్కల గోగునారని బయటి వ్యాపారులు ‘బిమ్లీ జూట్’ అనేవారంటే ఇక్కణ్ణించి ఎంత సరుకు వెళ్ళేదో ఊహించుకో. సరుకు కదలాలంటే రోడ్డు కావాలి, జనం గుమిగూడే చోట మురుగు పోవాలి. ఆ ఖర్చుకి పన్ను వెయ్యాలి.

మున్సిపాలిటీల కోసం 1850లో వచ్చిన 26వ చట్టం ఊరివాళ్ళు కోరుకుంటేనే ఆ ఊళ్ళో అమలయ్యేది. అలాగని అది ప్రజాపాలన అనుకోకు, కమిషనర్లను ప్రభుత్వమే నియమించేది. 1882లో వైస్రాయి రిప్పన్ తీర్మానం, దాని వెనక 1884 మద్రాసు చట్టం వచ్చాకే ఎన్నికైన సభ్యులకు కాస్త చోటు పెరిగింది. ఓటు మాత్రం పన్ను కట్టేవాళ్ళదే. కూలివాడు ఆ లెక్కలో లేడు.

తరవాత రేవు చితికింది. 1890ల్లో వేసిన రైలు మార్గం విజయనగరం మీదుగా లోపలినుంచి పోయింది. 1933లో విశాఖ హార్బరు తెరిచాక ఓడలన్నీ అటే. చిత్రమేమిటంటే వ్యాపారం పోయినా మున్సిపాలిటీ మాత్రం నిలిచింది. మా చిన్నప్పుడు కుళాయి రాకపోతే నడిచి వెళ్ళి ఆఫీసులో అడిగేవాళ్ళం. పని జరిగేదని చెప్పను, అడగడానికి ఒక మనిషి మాత్రం ఎదురుగా ఉండేవాడు.

2013లో భీమిలిని, అనకాపల్లిని మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపేశారు. అనకాపల్లి మరీ విచిత్రం. 2022లో జిల్లా కేంద్రమైంది, కానీ సొంత మున్సిపాలిటీ లేదు! విలీనంతో పెద్ద బడ్జెట్టు, ఇంజినీర్లు, యంత్రాలు అందుబాటులోకి వస్తాయన్నది నిజమే, దాన్ని కాదనను. కానీ 74వ రాజ్యాంగ సవరణ అయిదేళ్ళు నిండేలోపు కొత్త కౌన్సిల్‌ని ఎన్నుకోవాలంటుంది. విశాఖ కౌన్సిల్ గడువు 2012లో ముగిస్తే ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. అన్నేళ్ళు ప్రత్యేకాధికారి పాలనే. అంటే మన మున్సిపాలిటీని తీసుకెళ్ళి, సభ్యుడే లేని సభకు అప్పగించారు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2021లో ఎన్నికైన 98 మంది కార్పొరేటర్ల సభలో మనవాళ్ళు కొందరే. మేయర్ని ఆ సభ్యులే ఎన్నుకుంటారు, ఆఫీసు నడిపేది ప్రభుత్వం పంపిన కమిషనరు. సర్టిఫికెట్లకీ చెత్త ఫిర్యాదుకీ వార్డు సచివాలయం ఉంది, దగ్గరే. అయితే సచివాలయం అర్జీ తీసుకుంటుంది, డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చదు. ఈ తేడా నీ ప్రాజెక్టులో తప్పక రాయి, చాలామంది పెద్దవాళ్ళకే తెలియదు.

పుస్తకాలు చాలు. సెలవుల్లో వచ్చినప్పుడు మన ఇంటి పన్ను రసీదు నీ చేతికిస్తాను. కౌన్సిల్ సమావేశం అజెండా కాపీ ఒకటి సంపాదించు. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ ఎలా పెట్టాలో నేర్పుతాను. అందులో మన వార్డు పేరు ఎన్నిసార్లు వచ్చిందో, ఏ పనికి వచ్చిందో ఎర్ర పెన్సిలుతో గుర్తుపెట్టి నాకు చూపించు.

మీ అమ్మని అడిగానని చెప్పు.

తాతయ్య