ఉద్యోగ విషయాలు – ఆంగ్లంలో పదాల పొత్తు

పదానికి అర్థం తెలిసినంత మాత్రాన దానిని వాడగల నేర్పు అలవడదు. ఏ నామవాచకం ఏ క్రియతో పొత్తు కుదుర్చుకొంటుందో కూడా తెలియాలి. ఈ పొత్తు ఒక్కొక్క భాషలో ఒక్కొక్క విధం. ఉద్యోగాన్ని గురించి ఆంగ్లంలో వ్రాయబూనినపుడు ఈ భేదం ప్రస్ఫుటమవుతుంది. దరఖాస్తు చదివే అధికారికి అభ్యర్థి తొలుత పరిచయమయ్యేది ఆ నాలుగు వాక్యాల ద్వారానే గదా!

సెలవు సంగతి చూడండి. తెలుగు ఉద్యోగి సెలవు ‘పెడతాడు’. తమిళ, కన్నడ సోదరులు తమ భాషలలో సెలవు ‘వేస్తారు’. హిందీవారు ‘ఛుట్టీ లేనా’ అంటారు, అనగా ‘తీసుకొంటారు’. ఆంగ్లంలోనూ ‘టేక్ లీవ్’ అనే వాడుక ఉన్నందున హిందీవారి మక్కికి మక్కి అనువాదం ఇక్కడ చక్కగా అతుకుతుంది. మనవారు ‘పుట్ లీవ్’ అంటే దక్షిణాదిన చెల్లుతుంది గాని ఆవల చెల్లదు. తెలుగులో ‘సెలవు తీసుకొనుట’ అంటే వీడ్కోలు పలుకుట. విచిత్రమేమంటే, ఆంగ్లంలోనూ ‘టేక్ లీవ్ ఆఫ్’ అంటే వీడ్కోలే! ‘ఆఫ్’ చేరనంతవరకే అది కార్యాలయపు సెలవు. సెలవు కోరడం ‘అప్లై ఫర్ లీవ్’; సెలవులో ఉండడం ‘ఆన్ లీవ్’, ‘ఇన్ లీవ్’ కాదు.

హిందీవారికి ఉద్యోగం దొరకడమంటే ‘నౌకరీ లగ్‌నా’. దీనిని యథాతథంగా తెలుగు చేస్తే ఉద్యోగం అంటుకొన్నదనాలి! ఆంగ్లంలో ‘గెట్ ఎ జాబ్’ అంటే సరిపోతుంది. ‘ఐయామ్ డూయింగ్ జాబ్’ అనే వాక్యం మాత్రం ఉత్తర దక్షిణాలకు ఉమ్మడి ఆస్తి. ‘నౌకరీ కర్‌నా’, ‘ఉద్యోగం చేయుట’ రెండూ దానికే దారితీస్తాయి. ‘ఐ హావ్ ఎ జాబ్’ అనాలి. ‘ఐ వర్క్ ఇన్ ఎ బ్యాంక్’ అంటే మరీ సహజం. అయితే అప్పగించిన పనిని చక్కగా చేసినవానిని ‘డిడ్ ఎ గుడ్ జాబ్’ అని మెచ్చుకోవచ్చును.

‘వర్క్స్ హార్డ్’ అంటే కష్టించి పనిచేస్తాడని. ‘హార్డ్‌లీ వర్క్స్’ అంటే పనిచేయడం అరుదని. యోగ్యతాపత్రంలో ఇవి తారుమారైతే అభ్యర్థి గతి ఏమి?

నెలజీతం ‘శాలరీ’, దినకూలి, వారపుకూలి ‘వేజెస్’, వకీలుకు, వైద్యునికి ముట్టేది ‘ఫీ’. మూడింటికీ ‘ఎర్న్’ అనే క్రియ పొసగుతుంది. మనం ‘పొట్టపోసుకొనుట’ అనేదానికీ ఆంగ్లేయులు ‘ఎర్న్ ఎ లివింగ్’ అనే అంటారు. సమ్మె మనం ‘చేస్తాము’, వారు ‘గో ఆన్ స్ట్రైక్’ అంటారు.

పదాన్ని దాని సాహచర్యాన్ని బట్టి గుర్తించాలన్న సిద్ధాంతాన్ని 1950లలో ప్రచారంలోకి తెచ్చిన జె. ఆర్. ఫర్త్, 1920లలో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో ఆంగ్లాచార్యుడు. తరువాత ఆయన తెలుగును కూడా అధ్యయనం చేశాడు. పదాల పొత్తులకై ఆక్స్‌ఫర్డ్ వారు 2002లో ప్రత్యేక నిఘంటువునే వెలువరించారు. అందులో క్రియను గాక నామవాచకాన్ని వెదకాలి. రాజీనామా ‘ఇచ్చుట’కు ‘గివ్’ అని తొందరపడక ‘రిజిగ్నేషన్’ అనే పదం వద్ద చూస్తే ‘హ్యాండ్ ఇన్’, ‘సబ్మిట్’, ‘టెండర్’ అనే క్రియలు కనిపిస్తాయి. వీటిలో ‘టెండర్’ కార్యాలయ లేఖలకు తగినది, ‘హ్యాండ్ ఇన్’ మాటలలో వాడదగినది.