బుజ్జిగాడి చేతిరాత

అమ్మలూ,

బుజ్జిగాడి వర్క్‌షీట్లు నువ్వు వాట్సాప్‌లో పంపినవన్నీ పెద్దవి చేసుకుని చూశాను. ఆదివారం వస్తే కట్టెడు కాగితాలు ప్రింటు తీసి కూర్చోబెడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. నీ ఆరాటం నాకు తెలుసు. కానీ ఆ కట్టలోంచి రెండు ఉంచి మిగతావి బీరువాలో పెట్టెయ్యి.

ఎందుకో చెప్తాను. ఆ ‘ర’ కాగితం మళ్ళీ తియ్యి. వరసలో సున్నాలన్నీ ఒకే ఒత్తుడుతో ఉన్నాయి, తలకట్లన్నీ ఒకే వాలులో ఉన్నాయి. అంటే వాడు ముందు సున్నాలన్నీ చుట్టుకుంటూ పోయి, మళ్ళీ మొదటికొచ్చి తలకట్లు తగిలించుకుంటూ పోయాడు. నేను ఒకటో తరగతి చెప్పిన రోజుల్లోనూ పిల్లలు ఇలాగే చేసేవాళ్ళు, పని తెమిలితే ఆటకి పోవచ్చని. పేజీ నిండింది గానీ వాడు ‘ర’ ఒక్కసారి కూడా రాయలేదమ్మా.

చుక్కల మీద దిద్దించడంలో ఇంకో చిక్కుంది. పిల్లాడి చూపంతా తరవాతి చుక్క మీదే ఉంటుంది. అక్షరం ఎక్కడ మొదలైంది, ఎటు తిరిగింది, ఎక్కడ ఆగింది అన్నది పట్టదు. ఇవాళ పైనుంచి, రేపు కిందనుంచి మొదలుపెడతాడు. అలాగైతే చేతికి దారి అలవాటు కాదు. ప్రింటు తీసేముందు మొదలయ్యే చోట పెద్ద చుక్క, తిరిగే వైపు బాణం గుర్తు ఉన్నాయో లేదో చూడు. లేకపోతే ఎర్ర స్కెచ్ పెన్నుతో నువ్వే పెట్టు. వరసకి నాలుగు గళ్ళు చాలు: మొదటిదాంట్లో నిండు అక్షరం, రెండోదాంట్లో చుక్కలది, మూడోదాంట్లో మొదలుపెట్టే చుక్క ఒక్కటే, నాలుగోది ఖాళీ. పది రాయించావంటే పైన ఉన్న నమూనాని చూడడు, తను అంతకుముందు రాసినదాన్ని చూసి రాస్తాడు. మొదటిదాంట్లో వచ్చిన వంకర పదోదానికి ముదిరిపోతుంది. రాశాక “వీటిలో నీకు బాగా నచ్చింది ఏదిరా?” అని వాడినే అడిగి, దాని చుట్టూ గుండ్రంగా గీయమను. ఆ కాసేపూ ఫోను పక్కన పెట్టి, వాడి చెయ్యి ఎటు కదులుతోందో చూస్తూ కూర్చో.

అ నుంచి ఱ దాకా వరసగానే రాయించాలని లేదు. ఆ వరస నోటికి రానీ. చేతికి మాత్రం ‘ర’, ‘గ’, ‘ట’ లాంటివి ముందు. ‘ర’ కుదిరితే లోపల చుక్క పెట్టి ‘ఠ’ చేస్తాడు, వాడికే సరదాగా ఉంటుంది. ‘ప’, ‘వ’ ఒకే కాగితంలో ఉంటే అది వద్దు, ‘మ’, ‘య’ కూడా అంతే. ఒకటి గట్టిపడ్డాకే రెండోది. నాలుగు గీతల కాపీ ఇంగ్లిష్‌కి సరే. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు వస్తాయి కాబట్టి పెద్ద పెద్ద గళ్ళున్న కాగితమే మేలు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి మార్కర్‌తో రాయించడం పొదుపే గానీ జారిపోతుంది, చేతికి పట్టు చిక్కదు.

మరీ ముఖ్యంగా వాడి చెయ్యి ఇంకా లేతది. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి, ఆఖరిదాని వంతు వచ్చేసరికి ఎనిమిదేళ్ళు దాటుతుంది. చెయ్యి నొప్పి అన్నాడంటే వంక అనుకోకు. పొడుగు పెన్సిల్ బదులు బలపం ముక్కో, విరిగిన క్రేయాన్ ముక్కో ఇవ్వు. చిన్న ముక్కని గుప్పిట పట్టడం కుదరదు, మూడు వేళ్ళతోనే పట్టుకుంటాడు. చపాతీ పిండి ముద్దలు చెయ్యమను. అక్షరాభ్యాసం రోజు పళ్ళెంలో బియ్యం పోసి వేలితో దిద్దించాం కదా, అది ఆ ఒక్కరోజుతో ఎందుకు ఆపాలి? రోజూ దిద్దించు.

బడివాళ్ళు తొందరపెడితే నువ్వు కంగారుపడకు. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశగా పెట్టింది, ఆటపాటలతో నేర్పమంది. 2022లో దానికి పాఠ్యప్రణాళిక చట్రం కూడా వచ్చింది. రెండో తరగతి అయ్యేదాకా వాడికి వ్యవధి ఉంది.

ఇంకో సంగతి. ఒక ఫొటోలో వాడు ఎడమచేత్తో రాస్తున్నాడు. ఈ కాగితాల్లో నమూనా ఎప్పుడూ ఎడమ చివరే ఉంటుంది, వాడి చెయ్యే దాన్ని కప్పేస్తుంది. కుడి చివర కూడా ఒక అక్షరం రాసిపెట్టు, కాగితం పైఅంచు కాస్త కుడికి వాలేలా ఉంచు. చెయ్యి మాత్రం మార్పించొద్దు. మీ అత్తగారు ఏమైనా అంటే నువ్వు మాట పడకు. సంక్రాంతికి వస్తున్నాగా, వదినగారితో నేనే మాట్లాడతాను.

నీ పెద్దమ్మ