రంగును బట్టి రాయి పేరా?

పిల్లలూ! మన భాషలో ఒక తమాషా గమనించారా? పచ్చ అంటే రంగూ అవుతుంది, రత్నమూ అవుతుంది. నీలం కూడా అంతే. కెంపు సంగతీ అదే. రంగు చూసి రాయికి పేరు పెట్టడం మన పెద్దల అలవాటు. ఆ పద్ధతికి లొంగని రాయి ఒకటుంది. అదే టూర్మలీన్. నవరత్నాలలో దీనికి చోటు లేదు గానీ, వాటిలో చాలావాటి రంగులు ఇదొక్కటే చూపిస్తుంది.

శ్రీలంకవాళ్ళు రంగురాళ్ళను పిలిచే సింహళ మాట నుంచి ఈ పేరు వచ్చింది. 18వ శతాబ్దం మొదట్లో డచ్చి వర్తకులు ఈ రాళ్ళను అక్కడినుంచి యూరప్‌కు తీసుకెళ్ళారు. వేడి చేస్తే దీని కొసల్లో విద్యుదావేశం పుట్టి, బూడిదను లాక్కుంటుంది. అందుకే డచ్చివాళ్ళు దీన్ని ‘బూడిద లాగే రాయి’ అన్నారు.

మరి ఇన్ని రంగులెక్కడివి? అన్నీ అందులో కలిసిన లోహాల మహిమే. ఇనుము ఎక్కువైతే నలుపు. దాని పేరు షోర్ల్. ఎక్కువగా దొరికేది ఇదే. మాంగనీసు ఉంటే గులాబీ, ఎరుపు. క్రోమియం గానీ వెనేడియం గానీ ఉంటే చిక్కటి ఆకుపచ్చ. 1980ల చివర బ్రెజిల్‌లోని పరాయీబా రాష్ట్రంలో దొరికిన మిరుమిట్లు గొలిపే నీలానికి కారణం రాగి. స్ఫటికం పెరుగుతూ ఉండగా చుట్టూ ఉన్న ద్రవంలో ఈ పాళ్ళు మారితే లోపల గులాబీ, పైన ఆకుపచ్చ వస్తాయి. అడ్డంగా కోస్తే అచ్చం పుచ్చకాయ ముక్కే! పేరు కూడా ‘వాటర్‌మెలన్ టూర్మలీన్’. కొరక్కండేం!

మన ఆస్ట్రేలియాలోనూ ఇది దొరుకుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని యిన్నిథారా పెద్ద పెద్ద గోధుమరంగు స్ఫటికాలకు పేరు పొందింది. ఆ రకాన్ని డ్రావైట్ అంటారు. యూరప్‌లోని డ్రావా నది పేరు మీద పెట్టారు. అడిలైడ్‌కు దక్షిణంగా ఉన్న కంగారూ ఐలండ్‌లో గులాబీ, ఆకుపచ్చ, నీలం రకాలు దొరికాయి.

ఇక పెద్దలకొక మాట. 1777లో స్వీడన్ రాజు మూడవ గుస్తావ్ రష్యా రాణి కేథరిన్‌కు ఒక పెద్ద ‘కెంపు’ బహూకరించాడు. తరవాత పరీక్షిస్తే అది ఎర్ర టూర్మలీన్! రాజులకే తెలియనిది మన కంటికేం తెలుస్తుంది? కాబట్టి కెంపులో, పచ్చలో కొనేటప్పుడు రంగు చూసి మురిసిపోక, లాబొరేటరీ సర్టిఫికెట్ అడగండి.

సాన పట్టని టూర్మలీన్‌ను మాత్రం పిల్లలే పోల్చుకోవచ్చు. పొడుగునా సన్నటి గీతలుంటాయి, అడ్డంగా చూస్తే అంచులు ఉబ్బిన త్రిభుజంలా ఉంటుంది. ఈసారి మ్యూజియంలో నల్ల పెన్సిల్ కట్టలాంటి రాయి కనిపిస్తే, కింద రాసిన పేరు చదవకముందే అమ్మానాన్నలకు చెప్పేయండి.