మ్యూజియము కొలువున చేరబోవు మేనకోడలికి

 

జిల్లా మ్యూజియములో సాంఘిక చరిత్ర విభాగమునకు నీవు క్యూరేటరుగా నియమింపబడితివని మీ అమ్మ జాబువలన తెలిసికొని మిగుల సంతసించితిని. శిల్పములు, నాణెములు, తామ్రశాసనములు గల విభాగము లభింపక, చేటలు, తిరుగళ్ళు, కావడిబద్దలు గల విభాగము లభించినందుకు నీవు కొంత చిన్నబుచ్చుకొన్నట్లును ఆమె సూచించినది. ఆ చిన్నతనమును పోగొట్టుటకే యీ లేఖ మొదలిడితిని గాని ఉద్యోగధర్మములు బోధించుటకు గాదు. అయినను వయసు మీరినవాని కలము బోధనకు దిగక మానదు, సైరింపుము.

రాజుల చరిత్రయే చరిత్రయని పండితులు సైతము తలచుచున్న కాలమున సురవరం ప్రతాపరెడ్డిగారు, ప్రజల తిండి, బట్ట, ఆటపాటలు, నమ్మకములు కూడ చరిత్రకు విషయములేయని నిశ్చయించి, కావ్యములను శతకములను శోధించి, 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వెలువరించిరి. 1955లో తెలుగునకు వచ్చిన తొలి సాహిత్య అకాడెమీ పురస్కారము ఆ గ్రంథమునకే దక్కినది. వారు పద్యములలో వెదకినదానిని నీవు వస్తువులలో వెదకవలయును. ఏ కవియు తొంగిచూడని గుడిసెకూడ నీ పరిధిలోనిదే గావున, నీ క్షేత్రము ఒక విధముగా వారి క్షేత్రముకంటె విశాలమైనది.

ఈ మార్గమున నీకు పూర్వులు లేకపోలేదు. స్వీడను దేశమున ఆర్తుర్ హజేలియుస్, పల్లెల జీవనరీతి కన్నులయెదుట అంతరించుచుండుట గాంచి 1872లో సేకరణకు పూనుకొని, 1891లో స్టాక్‌హోమునందు స్కాన్సెన్ అను ఆరుబయటి మ్యూజియమును నెలకొల్పెను. ఇంగ్లండులో జాన్ కిర్క్ అను పల్లెటూరి వైద్యుడు కూడబెట్టిన వస్తువులతో 1938లో యార్క్ నగరమున, పూర్వము స్త్రీల చెరసాలగా నుండిన భవనములో మ్యూజియము వెలసినది. పుణెలో దినకర్ కేల్కర్‌గారు దీపములు, అడకత్తెరలు, తాళములు వేలకొలది సేకరించి, బాల్యముననే మరణించిన కుమారుడు రాజా పేర దానిని నిలిపి, 1975లో మహారాష్ట్ర ప్రభుత్వమున కప్పగించిరి. మువ్వురును మమకారముతో పనిచేసినవారే. అయితే మమకారమున కొక దోషము కలదు: అందమైనదానిని, అరుదైనదానిని అది ముందుగా చేరదీయును. నగిషీల అడకత్తెరకు అద్దాల బీరువా దొరకును. కూలివాని కొడవలి పాతయినుము అంగడికి పోవును. జీతము పుచ్చుకొని పనిచేయు నీవు ఆ కొడవలివైపు నిలువవలయును.

కుంచమునే ఉదాహరణముగా గొనుము. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, కిలోగ్రాములు, లీటర్లు క్రమముగా వాడుకలో కుదురుకొన్న పిదప, సోల, తవ్వ, మానిక, కుంచము అటకలెక్కినవి. నేడు అవియే మ్యూజియములకు వచ్చి చేరుచున్నవి. ‘ఇత్తడి కట్లు గల కొయ్య కుంచము, ఒకటి’ అని రిజిస్టరులో వ్రాసి సంతకము పెట్టినచో గుమాస్తా పని ముగిసినది. క్యూరేటరు పని యింకను మొదలు కాలేదు. అది ఎవరి యింటిది? ఆ యింటివారు ధాన్యము కొలిచి యిచ్చినవారా, కొలిపించుకొని పుచ్చుకొన్నవారా? కళ్ళములో కౌలుధాన్యము కొలుచునపుడు అంచునకు సమముగా గీసి కొలిచినారా, రాశి నిలిచినంతమేర పోసి కొలిచినారా? అప్పిచ్చుట కొకటి, రాబట్టుకొనుట కొకటి, ఆ యింట రెండు కుంచములుండెడివా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగలవారు గ్రంథములలో లేరు. కూలిగింజలు కొంగున పట్టుకొనిన ముసలమ్మలలో నున్నారు. దాత మాటతో తృప్తిపడక, ఆ యింట పనిచేసినవారి మాటయు వారి నుడికారముననే వ్రాసికొనుము. రెండును పొసగనిచో రెండింటిని ఉన్నవున్నట్లు ఉంచుము. పిదప పొడి ఆవాలు పోసి దాని పరిమాణమును నీవే కొలిచి చూచినచో, మనుష్యులు తేల్చలేని సంగతిని ఒక్కొక్కప్పుడు కుంచమే తేల్చును.

బ్రిటిషు మ్యూజియములవారు 1983లో వెలువరించిన వర్గీకరణ పద్ధతి యీ విషయమున నీకు తోడ్పడును. వస్తువు కొయ్యదా, లోహముదా యని గాక, సమాజజీవనము, గృహజీవనము, వ్యక్తిజీవనము, వృత్తిజీవనము అను నాలుగింటిలో దేనియందు మెలగినదని వారు విచారింతురు. మన కుంచము ఏ గదిలో చేరునో తేల్చుటకు నీకు ఒక పూట పట్టును, పట్టనిమ్ము.

వర్గీకరణకంటెను ముఖ్యమైనది వస్తువు వెనుకనున్న వృత్తాంతము. అమృతసరమున 2017లో టౌన్‌హాలులో తెరచిన దేశవిభజన మ్యూజియమునందు ఒక ఫుల్కారీ కోటును, ఒక తోలుపెట్టెయు కలవు. పెండ్లికి మాట అనుకొని, విభజన కల్లోలమున చెరియొక దారి పట్టి, శరణార్థి శిబిరమున మరల కలిసికొని వివాహమాడిన యిరువురు తమవెంట తెచ్చుకొన్న వస్తువులవి. ఆ వృత్తాంతము పోయినచో మిగులునది పాతబట్టయు పాతపెట్టెయు.

ఇత్తడి పాత్రలను గూర్చి ఒక కట్టడి చేయక తప్పదు. ఇండ్లలోని అలవాటు చొప్పున చింతపండుతో తోమి తళతళలాడించుటకు నౌకరులు ఉత్సాహపడుదురు. ఆ పులుపు లోహపు పైపొరను తినివేయును. పెండ్లిలో చదివించినవారి పేరు, ఊరు కొట్టించిన సన్నని అక్షరములు తోముడుకు నానాటికి అరిగిపోవును. ఏ యూరినుండి ఏ యూరికి చుట్టరికము కలిసినదో చెప్పు ఆధారము ఆ నాలుగు అక్షరములే. బిందెకు వేయించిన మాటును, రోకలికంటిన పసుపును మాలిన్యముగా నెంచకుము. కొత్తబిందె కొనజాలని సంవత్సరమొకటి ఆ యింట గడచినదని ఆ మాటు చెప్పుచున్నది.

ఇంకొక సంగతి సంకోచముతోనే చెప్పుచున్నాను. పల్లెల టీదుకాణములలో దళితులకు వేరుగా నుంచిన గ్లాసు మ్యూజియములో నుండవలయునా? నా మతమున తప్పక ఉండవలయును. ఇచ్చుటకు దుకాణదారు సిగ్గుపడును, చూచుటకు సందర్శకులు ఇబ్బందిపడుదురు, పైయధికారి వలదనవచ్చును. అయినను పట్టుచీరల సరసన ఆ గ్లాసు లేనిచో మనము చూపునది సాంఘిక చరిత్ర గాదు, పెండ్లివారి ఆల్బము. దాని క్రింద నుండవలసిన వాక్యమును మాత్రము నీవు కూర్చకుము. ఆ గ్లాసున త్రాగినవారిచేతనే వ్రాయింపుము.

చేరినవెంటనే క్రొత్త సేకరణకు బయలుదేరకుము, తల్లీ. గిడ్డంగిలో వివరములేక పడియున్న వస్తువుల రిజిస్టరు తీసి, దాతలలో వృద్ధులెవరో విచారించి, ఛాయాచిత్రములు చేతపట్టుకొని వారి యిండ్లకు ముందుగా పొమ్ము. సిబ్బంది కొరత, బీరువాల కొరత తరువాత విన్నవించుకొనవచ్చును. ఈ పనిని మాత్రము దసరాలోపల ముగించి నాకు జాబు వ్రాయుము.

ఇట్లు,
మీ మామయ్య