పేరు ఎవరి చేతిలో ఉంటుంది?

ఇందుకూరుపేట

చిరంజీవి అబ్బయ్యకు,

ఇక్కడ నాలుగు రోజులుగా మబ్బు పట్టి ఉండడంతో మీ నాయన గుంటల్లో మేత తగ్గించి, ఏరియేటర్లు ఎక్కువసేపు తిప్పుతున్నాడు. రొయ్యలు బాగానే ఉన్నాయి, బెంగపడకు.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. రొయ్యల సాగు మీద నువ్వు పెట్టే వీడియోలు మన ఊళ్ళో చాలామంది చూస్తున్నారు. నీ మాట విని సీడ్ వదిలేముందు నీళ్ళు పరీక్ష చేయించామని మైపాడు వైపు రైతులు నాతో అన్నప్పుడు ఎంత సంతోషించానో చెప్పలేను. ఇప్పుడొక కంపెనీ వాళ్ళు తమ మందు గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటున్నారనీ, డబ్బుతో పాటు చానెల్‌ను పెద్దది చేస్తామంటున్నారనీ రాశావు. ఆ మందు నువ్వు ఒక్క గుంటలో కూడా వాడి చూడలేదు. పేరు రావాలంటే ఇలాంటివి తప్పవేమో అని అడిగావు.

ఒప్పుకోవద్దు నాయనా. ఎందుకో వివరంగా చెబుతాను.

పట్టుబడి రోజు గట్టు మీద ఏం జరుగుతుందో నీకు తెలుసు. ఒక కిలో రొయ్యలు తూచి, ఒక్కొక్కటే లెక్కపెడతారు. యాభై వస్తే యాభై కౌంట్. అరవై వస్తే అరవై కౌంట్, రేటు తగ్గిపోతుంది. ఆ ఒక్క కిలోలో చిన్నవి నాలుగు ఎక్కువ పడేట్టు చేయి తిప్పితే, టన్నుల మీద రైతు ఎంత నష్టపోతాడో నీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే మనవాళ్ళు బయ్యర్‌ని పిలిచేముందు పక్క గుంట రైతును ఒక మాట అడుగుతారు: ‘ఆయన లెక్క ఎట్టుంటది?’ ఆ జవాబే ఆ బయ్యర్ పేరు. ఆయన బోర్డు మీద ఏం రాసుకున్నా, బండి మీద ఎంత పెద్ద అక్షరాలు వేయించుకున్నా, పేరు మాత్రం పక్క గుంట రైతు నోట్లో ఉంటుంది. నీ పేరూ అంతే. అది నీ చానెల్‌లో ఉండదు, నీ మాట నమ్మి గుంటలో డబ్బు పోసిన మనిషి దగ్గర ఉంటుంది.

మన చుట్టుపక్కల పేరు నిలిచినవాళ్ళను ఒక్కసారి తలుచుకో. మన మండలంలోనే, పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు వచ్చి ప్రారంభించారు. దాన్ని నడపడానికి దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య ముందుకొస్తే, భూమి సమకూర్చింది పొణకా కనకమ్మ. భవనానికి డబ్బిచ్చింది దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో వ్యాపారం చేసుకునే పార్సీ రుస్తుంజీ. ఎక్కడి డర్బన్, ఎక్కడి పల్లిపాడు! అయినా ఆయన పేరు ఇప్పటికీ మన పెన్న గట్టున వినిపిస్తోంది. కనకమ్మగారు 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం బడి పెట్టారు. దానికి తన పేరు పెట్టుకోలేదు, కస్తూర్బా పేరు మీద కస్తూరిదేవి విద్యాలయం అన్నారు. అక్కడ చదువుకున్న ఆడవాళ్ళు మాత్రం ఆ బడి కథ ఎత్తితే కనకమ్మ పేరు లేకుండా ముగించరు.

ఏటికి అవతల విడవలూరు మండలంలో అలగానిపాడు. పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి 1913లో అక్కడ పుట్టాడు. పేరు చివర ఉన్న కులాన్ని తీసేసి సుందరయ్య అయ్యాడు. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్ళిన మనిషిగా ఆయన్ను ఇప్పటికీ చెప్పుకుంటాం. కలిగిరి మండలం దూబగుంటలో సారా అంగడి మూయించిన ఆడవాళ్ళ ముందు నిలబడింది వర్ధినేని రోశమ్మ. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ, మొగుళ్ళ కూలి డబ్బంతా ఏమైపోతోందో మాట్లాడుకున్న ఆడవాళ్ళు వాళ్ళు. ఆ ఊరి నుంచి కదిలిన ఉద్యమం జిల్లాలు దాటింది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యానికే నిషేధం పెట్టారు. ఆవిడ ఇంటిపేరు ఇవాళ ఎంతమందికి తెలుసు? అందరికీ ఆవిడ దూబగుంట రోశమ్మే. ఆవిడ పేరు తలిచిన ప్రతిసారీ ఊరి పేరు కూడా పలుకుతున్నాం.

ఇక పొట్టి శ్రీరాములుగారు. మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని 1946లో నిరాహారదీక్ష చేశారు. నెల్లూరు వీధుల్లో చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా, అంటరానితనం పోవాలని రాసిన అట్టలు పట్టుకుని మండుటెండలో తిరిగేవారు. చూసినవాళ్ళలో పిచ్చివాడనుకున్నవాళ్ళూ ఉన్నారు. అప్పుడు ఆయనకున్న పేరు అదీ! 1952 అక్టోబరు 19న మద్రాసులో ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్షకు కూర్చుని, 58వ రోజున, డిసెంబరు 15న ప్రాణం విడిచారు. మరుసటి ఏడు అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది. 2008లో మన జిల్లాకే ఆయన పేరు పెట్టారు. నీ ఆధార్ కార్డు మీదా, మీ నాయన పట్టాదారు పుస్తకం మీదా ఇవాళ ఉన్న జిల్లా పేరు, ఒకప్పుడు వీధిలో జనం వింతగా చూసిన మనిషిది.

వీళ్ళెవరూ పేరు కోసం పని మొదలుపెట్టలేదు. కొందరైతే ఉన్న పేరులోంచే కొంత తీసి పక్కన పెట్టారు. జనానికి అవసరమైన పని పట్టుకున్నారు, దానికి ఎంత ఖర్చైనా వదల్లేదు. ఆ పని జనానికి ఉపయోగపడినన్నాళ్ళూ పేరు దాని వెంట నడుస్తూనే ఉంది.

నువ్వు వాళ్ళంత త్యాగం చేయాలని నేననను. బతకడానికి డబ్బు కావాలి, సంపాదించుకో. నువ్వు వాడి చూసి, బాగుందని తేలిన సరుకు గురించి చెప్పి డబ్బు తీసుకో. తీసుకున్నానని ఆ వీడియోలోనే చెప్పు. అందులో తప్పు లేదు. వాడనిదాన్ని వాడినట్టు చెప్పడమే తప్పు.

ఇంకో సంగతి కూడా ఆలోచించు. గుంటల్లో వాడకూడని యాంటీబయాటిక్స్ ఆనవాళ్ళు దొరికి, మన దేశపు రొయ్యల కంటైనర్లు విదేశీ రేవుల నుంచి వెనక్కి వచ్చిన సందర్భాలున్నాయి. ఏ మందు సీసాలో ఏముందో రైతుకు తెలియదు, అమ్మేవాడి మాట మీద, నీలాంటివాడి మాట మీద పోస్తాడు. వెనక్కి వచ్చేది ఒక్కడి సరుకే అయినా, చెడేది తీరం మొత్తం పేరు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. నీ పేరు పెరిగి ఊరి రొయ్యకు చెడ్డపేరు వస్తే, ఆ పేరుతో ఏ గట్టు మీద తలెత్తుకుని నిలబడతావు?

కాబట్టి ఇలా చెయ్యి. ఆ కంపెనీ వాళ్ళకు మర్యాదగా, వాడి చూడనిదే చెప్పలేనని రాసెయ్. వాళ్ళ మందు నిజంగా మంచిదైతే ఒక పంట కాలం ఆగగలరు. మన చిన్న గుంట ఒకటి దానికి కేటాయించు, పక్క గుంటలో మామూలుగా సాగు చెయ్యి, రెండింట్లోనూ మేత ఖర్చు, బతికిన శాతం, కౌంట్ రాసి పెట్టుకో. పట్టుబడికి ముందు సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ల్యాబులో రొయ్య పరీక్ష చేయించు. వచ్చిన ఫలితం ఏదైనా అలాగే చూపించు. వైట్ స్పాట్ తెగులు వచ్చి గుంట పోతే, పోయిందనే చెప్పు. తెలియని ప్రశ్న ఎవరైనా అడిగితే తెలియదని చెప్పి, తెలిసినవాళ్ళ దగ్గరికి పంపించు.

ఇలా చేస్తే చూసేవాళ్ళు ఒక్కసారిగా పెరగరు. కొన్నాళ్ళు తగ్గినా తగ్గొచ్చు. అయినా గుంటకు ఇబ్బంది వచ్చిన రైతు అర్ధరాత్రి నీకే ఫోన్ చేస్తాడు. అలా ఫోన్ చేసేవాళ్ళు పదిమంది ఉన్నా నీకు పేరు వచ్చినట్టే. దాన్ని కాపాడుకో.

మీ నాయనకు నేను చెబుతాను, చిన్న గుంట ఈ పంటకు నీకు వదిలేయమని. దసరాకు వచ్చినప్పుడు కూర్చుని లెక్కలు వేద్దాం.

ఇట్లు,
మీ పెదనాయన