మానని పుండు, మారే మచ్చ: చర్మ క్యాన్సర్ విషయంలో రోజులు పోకుండా ఇంట్లోవాళ్ళకు చిట్కాలు

చర్మ క్యాన్సర్ తెల్లవాళ్ళకొచ్చే జబ్బు అన్న మాట మన దగ్గర గట్టిగా నాటుకుపోయింది. మన ఛాయకు ఎండ నుంచి కొంత కాపుదల ఉన్నది నిజమే. అందుకే ఈ జబ్బు ఇక్కడ తక్కువ. కానీ వచ్చినప్పుడు ముదిరాకే బయటపడుతుంది. మనవాళ్ళలో మెలనోమా అనే రకం చర్మ క్యాన్సర్ తరచూ ఎండ తగలని చోటే పుడుతుంది: అరికాలు, అరచేయి, గోటి కింద. అక్కడ చూసేదెవరు? తీరా చూశాక రిపోర్టు కోసం, అప్రూవల్ కోసం, బెడ్డు కోసం మళ్ళీ రోజులు పోతాయి. ఆసుపత్రి వైపు జాప్యం మన చేతిలో లేదు. ఇంటి వైపు జాప్యం మాత్రం మనదే.

1. నెలకోసారి అరికాళ్ళు చూడండి. పెద్దవాళ్ళు వంగి తమ అరికాలు చూసుకోలేరు, వాళ్ళకు గోళ్ళు తీసేటప్పుడు మీరే చూడండి. వేళ్ళ సందులు, మడమ, పాదం అంచు వదలొద్దు. పసుపు, పారాణి కడిగేశాకే చూడాలి. గోళ్ళ సంగతి ఇంకా చిక్కు. గోరింటాకు ఎరుపు గోటి మీద నెలల తరబడి ఉంటుంది, దాని చాటున నల్ల చార ఉన్నా తెలియదు. ఆషాఢంలో పెట్టుకునే ముందే ఒకసారి పరీక్షగా చూసుకోవడం మేలు. చాలా గోళ్ళకు సన్నటి చారలుండటం మన ఛాయలో మామూలే. పెద్ద వయసులో ఒకే గోటికి కొత్తగా చార వచ్చినా, అది వెడల్పవుతున్నా, నలుపు గోరు దాటి పక్క చర్మం మీదికి పాకినా చర్మవైద్యుడికి చూపించాల్సిందే. గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోటి కింద వచ్చిన మెలనోమాను మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో అసలు సంగతి బయటపడింది. 1981 మే నెలలో ఆయన పోయేనాటికి వయసు 36.

2. జబ్బుకు పేరు మీరే పెట్టకండి. ఆనెకాయ, గోరుచుట్టు, షుగర్ పుండు, ముల్లు విరిగింది... ఈ నాలుగు మాటల కింద నెలలు గడిచిపోతాయి. అన్నిటికంటే ప్రమాదం షుగర్ పుండు అన్న ముద్ర. ఆ ముద్ర పడితే ఇంట్లోవాళ్ళే కాదు, డ్రెస్సింగ్ చేసే కాంపౌండర్ కూడా వేరే ఆలోచన చెయ్యడు. సరిగ్గా డ్రెస్సింగ్ చేస్తున్నా మూడు నాలుగు వారాల్లో మానే దారి పట్టని పుండైతే, షుగర్ ఉన్నా లేకపోయినా, డాక్టర్‌ని సూటిగా అడగండి: "ముక్క పరీక్ష (బయాప్సీ) చేయిద్దామా?" అడిగినందుకు ఎవరూ తప్పు పట్టరు. పట్టినా పరవాలేదు, ఇంకో డాక్టరున్నారు.

3. పాత కాలిన మచ్చల మీద ఓ కన్నేసి ఉంచండి. చిన్నప్పుడు కాలిన చోట, ఏళ్ళ తరబడి మానుతూ రేగుతూ ఉన్న పుండులో దశాబ్దాల తర్వాత క్యాన్సర్ రావచ్చు. దీన్ని మార్జొలిన్ అల్సర్ అంటారు. చీర కట్టుకునేవాళ్ళు నడుం కూడా చూసుకోవాలి. లంగా బొందు ఏళ్ళపాటు ఒకే చోట బిగిసి, ఒరుసుకుని, అక్కడ చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. అరుదుగానైనా అక్కడ మానని పుండు పడి క్యాన్సరైన కేసులు మన దేశంలోనే ఉన్నాయి. బొందు వదులుగా కట్టండి, వెడల్పాటి పట్టీ అయితే ఇంకా మంచిది.

4. జిల్లేడు పాలు, సున్నం-సోడా, జీడి రసం, పార్లర్‌లో లేజర్... వీటితో మచ్చను మాడ్చకండి. పైన మాడినా లోపలిది పోదు. పైగా తర్వాత ముక్క తీస్తే ల్యాబువాళ్ళకు సరైన ఆనవాళ్ళు దొరకవు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ ట్యూబు కూడా అంతే. ఎర్రదనం తగ్గి, తగ్గుతోందిలే అనిపిస్తుంది. ఆ మాయలో ఇంకో రెండు నెలలు పోతాయి.

5. ఫొటో తీసి ఉంచండి. పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు పక్కన పెట్టి, పగటి వెలుతురులో, నెలకోసారి. ఆకారం రెండు వైపులా ఒకేలా లేకపోవడం, అంచులు చెదిరి ఉండటం, రంగులు కలగలవడం, 6 మిల్లీమీటర్లు దాటడం, మారుతూ పోవడం: డాక్టర్లు చూసే గుర్తులివే. అన్నిటికన్నా చివరిదానికే విలువ. "పెరిగిందండీ" అంటే తల ఊపి పంపేసే ఓపీలో, రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే కదలిక వస్తుంది.

6. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్నది ఉత్త మాట. ముక్క పరీక్షకు ఆ చోట మాత్రమే మత్తిచ్చి, కొద్ది నిమిషాల్లో చిన్న ముక్క తీసి, ఒకటి రెండు కుట్లు వేస్తారు. పాకేది ఆలస్యం వల్ల.

7. సీసా సంగతి మీరే చూసుకోండి. చిన్న నర్సింగ్‌హోముల్లో తీసిన ముక్కను ల్యాబుకు మోసేది చాలాసార్లు మనమే. ముక్క ఫార్మలిన్‌లో ఉండాలి. నీళ్ళలోనో సెలైన్‌లోనో వేస్తే పాడవుతుంది. అది పూర్తిగా మునిగిందా, మూత బిగించారా చూడండి. పేరు, వయసు, ఏ చోటు నుంచి తీశారు అన్నవి సీసా ఒంటి మీద రాయించండి. మూత మీద రాస్తే మూతలు మారినప్పుడు పేర్లూ మారతాయి. "చిన్న పులిపిరే, పరీక్షెందుకు" అంటూ కోసి పారేయబోతే మాత్రం ఒప్పుకోకండి.

8. ముక్క ఇచ్చిన రోజే రిపోర్టు ఎప్పుడొస్తుందో రసీదు మీద రాయించుకోండి. మామూలుగా వారం పడుతుంది. ప్రత్యేక రంగు పరీక్షలు అవసరమైతే ఇంకొన్ని రోజులు. ఆ తేదీ దాటిన మర్నాడే ఫోన్ చేయండి. ఏమైనా ఉంటే వాళ్ళే చేస్తారులే అని కూర్చుంటే రిపోర్టు అరలోనే ఉండిపోవచ్చు. చేతికొచ్చాక మెలనోమా అని ఉంటే ‘బ్రెస్లో’ మందం (కణితి లోతు) ఎన్ని మిల్లీమీటర్లో వెతకండి. 1 మిల్లీమీటరు లోపైతే చుట్టూ 1 సెంటీమీటరు చర్మం, 2 దాటితే 2 సెంటీమీటర్లు కలిపి తీయడం మామూలు లెక్క. గజ్జల్లోనో చంకలోనో బిళ్ళ (లింఫ్ గ్రంథి) పరీక్ష కావాలా అన్నదీ చాలావరకు దీన్నిబట్టే తేలుతుంది. పెద్దాసుపత్రికి వెళ్ళేటప్పుడు కాగితం ఒక్కటే చాలదు. ల్యాబు నుంచి స్లైడ్లు, మైనపు బ్లాకులు అడిగి తీసుకెళ్ళండి, లేకపోతే వాటికోసమే మళ్ళీ తిప్పుతారు.

9. రిపోర్టు కోసం చూస్తుండగానే కార్డులు సరిచూసుకోండి. ఆధార్‌లో వెంకటలక్ష్మి, రేషన్ కార్డులో లక్ష్మమ్మ అని ఉంటే ఆరోగ్యశ్రీ అప్రూవల్ దగ్గర ఆగిపోవచ్చు. పథకం కింద ఉన్న ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర డెస్కు ఉంటుంది, ముందు అక్కడికే వెళ్ళండి. ఆంధ్రలో ఇప్పుడు ఈ పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. సందేహాలకు 104. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. రిపోర్టులో క్యాన్సర్ అని తేలాక దారిలో నాలుగు చోట్ల ఆగకుండా ఇలాంటి చోటికే నేరుగా వెళ్ళడం నయం. జిరాక్సులు రెండు సెట్లు పెట్టుకోండి, ఒకటి ఎవరో ఒకరు తీసుకుని తిరిగివ్వరు.

10. ఆపరేషన్ తేదీ దూరంగా ఉంటే ఆ రోజుల్ని వాడుకోండి. షుగర్ అదుపులో లేదనే చివరి నిమిషంలో వాయిదా వేస్తారు, కాబట్టి ఇప్పుడే దారిలో పెట్టండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపకండి, సర్జన్‌కు చెప్పండి. పుండు నుంచి రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి, మధ్యమధ్యలో తీసి చూడొద్దు. గజ్జల్లో కొత్తగా బిళ్ళ కట్టినా, మచ్చ పుండైనా తేదీ కోసం ఆగకుండా వెళ్ళి చెప్పండి. కౌంటర్లో ఎవరైనా రద్దు చేసుకుంటే పిలవమని నంబర్ ఇచ్చి రండి, పిలిస్తే గంటలో బయల్దేరేలా సంచి సర్దుకోండి. ఇక మూఢం, ఆషాఢం, అమావాస్య... పెళ్ళికి చూడండి, గృహప్రవేశానికి చూడండి. కణితి పంచాంగం చూసుకుని పెరగదు.

11. ఇంగ్లండులో పిల్లల దగ్గరుంటే, జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టర్) రిఫర్ చేసేది ‘అర్జెంట్ సస్పెక్టెడ్ క్యాన్సర్’ దారిలోనా, మామూలు దారిలోనా అని అడగండి. అర్జెంటైతే 28 రోజుల్లో అవునో కాదో చెప్పాలని, 62 రోజుల్లో చికిత్స మొదలుపెట్టాలని అక్కడి లక్ష్యం. నెమ్మదిగా పెరిగే బేసల్ సెల్ రకం చర్మ క్యాన్సర్‌ను సాధారణంగా మామూలు వరసలోనే పెడతారు.

12. ఆపరేషనయ్యాక తీసిన ముక్క రిపోర్టు కూడా వస్తుంది. కుట్లు విప్పించుకున్నాం, అయిపోయింది అనుకుని చాలామంది దాన్ని తెచ్చుకోరు. అంచులు శుభ్రంగా ఉన్నాయా అని అడగండి. లేవంటే మళ్ళీ తీయాలి, దానికీ తేదీ అక్కడే తీసుకుని రండి.